వాహన చోదన సమయంలో పిల్లల మారాం

వాహన చోదన సమయంలో పిల్లల మారాం అనగా కారు, స్కూటరు వంటి వాహనాలలో ప్రయాణిస్తున్నపుడు పసిపిల్లలు గుక్కపట్టి ఏడవడం, పేచీ పెట్టడం, కట్టిన బెల్టును విడిపించుకోవడానికి పెనుగులాడడం మొదలైన చేష్టలు. ఇది ఐదేళ్ళలోపు పిల్లలలో సర్వసాధారణం. పిల్లల ఏడుపు దానంతట అది ప్రమాదకరం కాదు. ఆ ఏడుపు విని వాహనం నడిపేవారు రోడ్డు మీది నుండి చూపును, స్టీరింగు మీది నుండి చేతిని తీయడం వలన ప్రమాదం ఏర్పడుతుంది. అందువలన రోడ్డు భద్రతకు సంబంధించిన పరిశోధనలలో దీనిని డ్రైవరు ఏకాగ్రతకు భంగం కలిగించే కారణాలలో ఒకటిగా పరిగణిస్తారు. వాహనం కదులుతున్నంతసేపు నడిపేవారి మొదటి బాధ్యత వాహనమే. బిడ్డను సముదాయించవలసి వస్తే వాహనాన్ని సురక్షితమైన చోట ఆపిన తరువాతనే ఆ పని చేయాలి. ఈ విషయంలో మూలసూత్రం ఇదే.

ప్రమాదం ఏర్పడే విధానం

వాహనం నడపడానికి చూపు, చేయి, మనస్సు అనే మూడూ అవసరం. ఫోనులో మాట్లాడడం ప్రధానంగా మనస్సును మళ్ళిస్తుంది. రేడియో మీట తిప్పడం చేతిని, చూపును కొద్దిసేపు మళ్ళిస్తుంది. వెనుక సీటులో ఏడుస్తున్న బిడ్డ మాత్రం ఈ మూడింటినీ ఒకేసారి మళ్ళించగలదు. శిశువు ఏడుపు వినగానే స్పందించడం మానవ సహజ గుణం. ఇంటిలో బిడ్డను కాపాడే ఈ గుణమే స్టీరింగు ముందు కూర్చున్నపుడు హాని చేస్తుంది. తల్లిదండ్రులు అజాగ్రత్త వలన కాక, ప్రేమ వలననే వెనుకకు తిరుగుతారు. కనుక ఇది మంచి డ్రైవర్లకు కూడా జరిగే పొరపాటు.

వెనుకకు తిరిగి చూడడానికి రెండు సెకన్లు పడుతుందని అనుకుంటే, ఆ వ్యవధిలో వాహనం ప్రయాణించే దూరం ఈ విధంగా ఉంటుంది:

- గంటకు 40 కి.మీ. వేగంతో: సుమారు 22 మీటర్లు
- గంటకు 60 కి.మీ. వేగంతో: సుమారు 33 మీటర్లు
- గంటకు 80 కి.మీ. వేగంతో: సుమారు 44 మీటర్లు
- గంటకు 100 కి.మీ. వేగంతో: సుమారు 56 మీటర్లు

క్రికెట్ పిచ్ పొడవు సుమారు 20 మీటర్లు. అంటే 80 కి.మీ. వేగంలో ఒక్కసారి వెనుకకు తిరిగి చూసేసరికి వాహనం రెండు పిచ్‌ల కంటె ఎక్కువ దూరం చూపు లేకుండా పోయినట్లే. కింద పడిన పాలసీసాను వెతికి అందించడానికి ఇంతకంటె చాలా ఎక్కువ సమయం పడుతుంది.

అమెరికాలో వంద కార్లలో కెమెరాలు అమర్చి చేసిన ఒక అధ్యయనం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఏ కారణంగానైనా చూపు రోడ్డు మీది నుండి రెండు సెకన్లకు మించి తొలగితే ప్రమాదం లేదా త్రుటిలో ప్రమాదం తప్పిన ఘటన జరిగే అవకాశం కనీసం రెట్టింపు అవుతుందని అందులో తేలింది. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 12 కుటుంబాల ప్రయాణాలను పరిశీలించి 2013లో తమ ఫలితాలను ప్రకటించారు. వారు విశ్లేషించిన 92 ప్రయాణాలలో 90 ప్రయాణాలలో డ్రైవరు ఏకాగ్రతకు భంగం కలిగింది. సగటున 16 నిమిషాల ప్రయాణంలో 3 నిమిషాల 22 సెకన్లపాటు తల్లి లేదా తండ్రి చూపు రోడ్డు మీద లేదు. ఇందులో ఎక్కువ భాగం వెనుకకు తిరిగి పిల్లలను చూడడం, అద్దంలో వారిని గమనించడం వలన జరిగినదే.

ఏడుపుకు కారణాలు

పిల్లల వయసును బట్టి ఏడుపు స్వభావం మారుతుంది.

- పుట్టిన నాటి నుండి నాలుగు నెలల వరకు: శిశువుల ఏడుపు ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో అత్యధికంగా ఉండి, మూడు నాలుగు నెలల తరువాత క్రమంగా తగ్గుతుంది. ఈ దశలో ఆకలి, తడి, నొప్పి ఏవీ లేకుండా కూడా బిడ్డ ఏడవవచ్చు. అది తల్లిదండ్రుల లోపం కాదు.
- ఐదు నెలల నుండి ఏడాది వరకు: వెనుక సీటులో ఉన్న బిడ్డకు తల్లి గొంతు వినిపిస్తుంది గాని ముఖం కనిపించదు. దీనివలన బెంగపడి ఏడుస్తుంది.
- ఏడాది నుండి నాలుగేళ్ళ వరకు: ఇది మారాం చేసే వయసు. తన ఇష్టం తెలుస్తుంది గాని దానిని చెప్పే మాటలు ఇంకా చాలవు. కదలకుండా కట్టి కూర్చోబెట్టడం ఈ వయసు పిల్లలకు బొత్తిగా నచ్చదు.

వీటికి తోడు ఆకలి, నిద్ర, తడిసిన బట్టలు, ముఖం మీద పడే ఎండ, బిగుతుగా ఉన్న పట్టీ, హారన్ల మోత, పక్కనున్న అన్న లేదా అక్కతో తగవు మొదలైనవి సాధారణ కారణాలు. వేసవిలో ఎండలో నిలిపిన కారులో బెల్టు లోహపు కొక్కెం కాలి బిడ్డ చర్మాన్ని చురుక్కుమనిపిస్తుంది. పెద్దలు దీనిని గమనించక బిడ్డ పేచీ పెడుతున్నదని అనుకోవడం కలదు.

తిరుమల, శ్రీశైలం, అరకు వంటి ఘాట్ రోడ్ల మీద మరి రెండు కారణాలు తోడవుతాయి. మొదటిది కడుపులో తిప్పడం. శరీరం కదులుతున్నదని లోపలి చెవి చెబుతుంది, ఎదురుగా ఉన్న సీటు కదలడం లేదని కన్ను చెబుతుంది. ఈ వైరుధ్యం వలన వికారం కలుగుతుంది. ఇది రెండేళ్ళ నుండి పన్నెండేళ్ళ లోపు పిల్లలలో ఎక్కువ, రెండేళ్ళలోపు శిశువులలో అరుదు. రెండవది చెవుల దిమ్మ. ఎత్తు మారుతున్నపుడు గాలి పీడనం మారి చెవులు మూసుకుపోయినట్లవుతాయి. పెద్దలు గుటక వేసి సర్దుకుంటారు. శిశువులకు ఆ సంగతి తెలియదు కనుక ఏడుస్తారు.

బయలుదేరే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ప్రయాణంలో వచ్చే ఏడుపులో చాలా భాగాన్ని బయలుదేరే ముందే నివారించవచ్చు.

- బిడ్డకు పాలు లేదా ఆహారం పెట్టి, బట్టలు మార్చి, వీలైతే నిద్రపోయే వేళకు ప్రయాణం కుదుర్చుకోవాలి. ఘాట్ రోడ్డు ఎక్కే ముందు మాత్రం కడుపు నిండా పెట్టకూడదు.
- కారు ఎండలో ఉంటే తలుపులు తెరచి వేడి గాలిని పోనివ్వాలి. బెల్టు కొక్కేన్ని చేతితో తాకి చూడాలి.
- మెత్తని గుడ్డబొమ్మలు రెండు మూడు దగ్గర ఉంచుకోవాలి. గట్టి బొమ్మలు, లోహపు గ్లాసులు సడన్ బ్రేకు వేసినపుడు ఎగిరి తగులుతాయి.
- వెనుక తలుపులకు చైల్డ్ లాక్ వేయాలి. వెనుక కిటికీ అద్దాల మీటలను పిల్లలు నొక్కకుండా డ్రైవరు వైపు నుండి బంధించాలి.
- మరొక పెద్దవారు ఉంటే, వారు ముందు సీటులో కాక బిడ్డ పక్కనే కూర్చోవడం ఉత్తమం. బిడ్డ బాధ్యత పూర్తిగా వారిదే అని ముందే చెప్పుకోవాలి.
- ప్రయాణ సమయాన్ని ఉదారంగా లెక్కించుకోవాలి. రైలు లేదా ముహూర్తం అందదనే తొందర ఉన్నపుడే మనుషులు వాహనం ఆపకుండా వెనుకకు తిరుగుతారు.
- రెండు గంటలకొకసారి పావుగంట ఆగాలి. బ్రిటన్ రహదారి నియమావళి డ్రైవర్లకు ఇదే సలహా ఇస్తున్నది. ఈ విరామం పిల్లలకు కూడా అవసరమే.

ఏడుపు మొదలైనపుడు

వాహనం నడిపేవారు ఒంటరిగా ఉన్నపుడు ఈ వరుసను పాటించడం మంచిది.

1. ముందుగా చూపు రోడ్డు మీద, రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచి, వేగాన్ని కొద్దిగా తగ్గించి, ముందు వాహనానికి దూరం పెంచాలి.
2. ఏడుపును చెవితో గమనించాలి. విసుగు, కోపం, నిద్ర వలన వచ్చే ఏడుపు సాధారణంగా హెచ్చుతగ్గులతో సాగుతుంది. గట్టిగా ఏడుస్తున్న బిడ్డకు ఊపిరి ఆడుతున్నట్లే. ఉక్కిరిబిక్కిరి అవుతున్న శబ్దం, వాంతి, హఠాత్తుగా ఏడుపు తెగిపోవడం వంటివి ఉంటే వెంటనే ఆపడానికి చోటు చూసుకోవాలి.
3. తల తిప్పకుండా నెమ్మదైన స్వరంతో మాట్లాడాలి. బిడ్డకు అలవాటైన జోలపాట పాడడం మాటల కంటె బాగా పనిచేస్తుంది. పాటకు జవాబు అవసరం లేదు కనుక నడిపేవారి ఆలోచన అంతగా చెదరదు. అయితే కూడలి దాటేటపుడు, మరొక వాహనాన్ని దాటివెళ్ళేటపుడు, ఘాట్ మలుపులో పాటను కూడా ఆపాలి.
4. మాటలు తెలిసిన పిల్లలకు కిటికీ బయటి వస్తువులను చూపే పని అప్పగించవచ్చు. ఎర్ర బస్సులను లెక్కించడం, గేదెలను వెతకడం వంటి ఆటలు ఆడించవచ్చు. దూరంగా చూడడం వలన వికారం కూడా తగ్గుతుంది.
5. ఇవేవీ ఫలించకపోతే రెండే మార్గాలు ఉన్నాయి. బిడ్డ క్షేమంగా కట్టబడి ఉందని తెలిస్తే, ఏడుపును భరిస్తూ గమ్యం వరకు నడపవచ్చు. నడిపేవారి మనస్సు చెదిరితే వాహనాన్ని ఆపాలి.

పట్టీ కట్టిన బిడ్డ పది నిమిషాలు ఏడవడం వలన బిడ్డకు హాని లేదు. కాని ఆ పది నిమిషాలలో నడిపేవారికి చేతులు వణకడం, కోపం రావడం, కన్నీరు రావడం జరిగితే అది ఆపవలసిన సమయమని గ్రహించాలి. బిడ్డ బెల్టును విప్పుకున్నా, సీటులో లేచి నిలబడినా ఆలోచించకుండా ఆపాలి.

వాహనాన్ని ఆపే పద్ధతి

వాహనాన్ని ఆపడంలో కూడా పద్ధతి ఉన్నది. ఇండికేటరు వేసి, అద్దాలు చూసుకొని, క్రమంగా ఎడమ వైపుకు రావాలి. పెట్రోలు బంకు, హోటలు ఆవరణ, టోల్ ప్లాజా సమీపంలోని వాహనాలు నిలిపే స్థలం, ఊరిలోని పక్క వీధి వంటివి తగిన చోట్లు. జాతీయ రహదారి అంచున నిలిపి ఉన్న వాహనాలను వెనుక నుండి లారీలు ఢీకొనడం తరచు జరిగే ప్రమాదం కనుక రోడ్డు అంచున ఆపడం చివరి మార్గం మాత్రమే. ఘాట్ రోడ్డు మీద మలుపులో ఎన్నడూ ఆపరాదు. హైదరాబాదు చుట్టూ 158 కి.మీ. పొడవున ఉన్న నెహ్రూ ఔటర్ రింగ్ రోడ్డు వంటి వేగ మార్గాలలో అత్యవసరమైతే తప్ప ఆపకుండా, తరువాత వచ్చే ఎగ్జిట్ గుండా దిగి ఆపాలి.

ఆపిన తరువాత హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపి, తాళం చెవి తీసి చేతిలో ఉంచుకోవాలి. రోడ్డు అంచున ఆపవలసి వస్తే హజార్డ్ లైట్లు వేసి, వాహనాలు వెళ్ళే వైపు తలుపు తెరవకుండా ఎడమ వైపు నుండే దిగాలి. బిడ్డను ఎత్తుకొని, పాలు లేదా నీరు పట్టి, కొద్దిసేపు గాలికి తిప్పి, శాంతించిన తరువాత తిరిగి పట్టీ కట్టి బయలుదేరాలి. బెల్టు విప్పుకున్న పిల్లలకు "బెల్టు లేనిదే బండి కదలదు" అని ఒకే మాట చెప్పి, ఆ మాటను ప్రతిసారీ నిలబెట్టుకోవాలి. ఒక రోజు ఊరుకొని మరొక రోజు కోప్పడితే మారాం పెరుగుతుంది.

నడిపేవారికే కోపం అదుపు తప్పితే, బిడ్డను పట్టీతోనే ఉంచి, వాహనం దిగి, తలుపు పక్కనే బిడ్డ కనిపించేలా రెండు నిమిషాలు నిలబడడం మేలు. శిశువును పట్టుకొని కుదపడం వలన మెదడుకు తీవ్రమైన గాయం కావచ్చును.

చేయకూడని పనులు

- నడుపుతూ వెనుకకు చేయి చాపి పాలసీసా, బొమ్మ అందించడం.
- ఏడుపు ఆపడానికి బిడ్డను బెల్టు నుండి విప్పి ఒడిలో కూర్చోబెట్టుకోవడం. 10 కిలోల బిడ్డ గంటకు 50 కి.మీ. వేగంతో వెళుతున్న కారులో ఉండగా, ఢీకొని కారు 0.1 సెకనులో ఆగిపోయిందని అనుకుంటే, బిడ్డను పట్టి ఉంచడానికి సుమారు 140 కిలోల బరువును ఎత్తగలిగినంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ ఇది సాధ్యం కాదు.
- బిడ్డను స్టీరింగు ముందు ఒడిలో ఉంచుకొని నడపడం. ఎయిర్‌బ్యాగు విచ్చుకునే శక్తి బిడ్డ ప్రాణానికే ముప్పు.
- ఏడుస్తున్న బిడ్డకు వేరుశనగలు, శనగలు, గట్టి మిఠాయిలు ఇవ్వడం. ఏడుపుతో పాటు లోపలికి పీల్చే గాలి వలన గింజ శ్వాసనాళంలోకి పోవచ్చును.
- నడుపుతూ ఫోనులో వీడియో వెతికి బిడ్డకు ఇవ్వడం.
- నిద్రపోయింది కదా అని బిడ్డను కారులో వదలి దుకాణానికి వెళ్ళడం. మూసిన కారులో ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో కొలిచిన ఒక అమెరికన్ అధ్యయనం 2005లో వెలువడింది. దాని ప్రకారం గంటలో సగటున సుమారు 22 సెల్సియస్ డిగ్రీలు పెరుగుతుంది. అందులో 80 శాతం పెరుగుదల మొదటి అరగంటలోనే జరుగుతుంది. అద్దం కొద్దిగా దించి ఉంచడం వలన పెద్దగా తేడా లేదు.

పిల్లల సీటు

పిల్లల కొరకు ప్రత్యేకించిన సీటును కారు సీటుకు బిగించి, అందులో బిడ్డను పట్టీలతో కట్టడం అన్నిటికంటె మంచి రక్షణ. 1930లలో వచ్చిన తొలి పిల్లల సీట్ల ఉద్దేశం భద్రత కాదు. బిడ్డను ఎత్తులో కూర్చోబెట్టి తల్లిదండ్రులకు కనిపించేలా చేయడమే. రక్షణ కోసం రూపొందించిన సీట్లు 1960లలో వచ్చాయి. స్వీడన్‌కు చెందిన బెర్టిల్ ఆల్డ్‌మన్ వెనుకకు తిరిగి ఉండే సీటును రూపొందించాడు. అమెరికాలో పిల్లల సీటును తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం టెనెసీ. అక్కడి చట్టం 1978లో అమలులోకి వచ్చింది. 1985 నాటికి ఆ దేశంలోని అన్ని రాష్ట్రాలలో ఇటువంటి చట్టాలు ఏర్పడ్డాయి.

శిశువు తల శరీరంతో పోలిస్తే పెద్దది, మెడ బలహీనమైనది. కనుక వెనుకకు తిరిగి ఉన్న సీటులో ఢీకొన్న దెబ్బ వీపు అంతటా పరచుకొని మెడకు రక్షణ కలుగుతుంది. బిడ్డ ఆ సీటుకు నిర్దేశించిన ఎత్తు, బరువు హద్దులను చేరేవరకు వెనుకకు తిప్పే ఉంచాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో సూచించింది. పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీటులో ఇటువంటి సీటును ఎన్నడూ అమర్చరాదు. పిల్లల సీట్ల వాడకం వలన శిశువుల మరణాలు 71 శాతం వరకు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది.

మొదటి రోజుల నుండి సీటుకు అలవాటు పడిన పిల్లలు తక్కువగా ఏడుస్తారు. ఇంటి ముందు నిలిపిన కారులో రోజూ ఐదు నిమిషాలు ఆటగా కూర్చోబెట్టడం మంచి అలవాటు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పిల్లల సీటు నిత్యజీవితంలో భాగం. మనుమలను చూడడానికి వెళ్ళిన అమ్మమ్మలు, నానమ్మలు, తాతయ్యలు ఏడుస్తున్న బిడ్డపై జాలితో కదులుతున్న కారులో పట్టీ విప్పి ఒడిలోకి తీసుకోవడం అక్కడ చట్టవిరుద్ధం, ఎక్కడైనా ప్రమాదకరం.

ద్విచక్ర వాహనాలపై

తెలుగు రాష్ట్రాలలో ఎందరో పిల్లలు ప్రయాణించేది కారులో కాదు, స్కూటరు లేదా మోటారు సైకిలు మీద. ఇక్కడ పిల్లల మారాం మరింత ప్రమాదకరం. బిడ్డ ఒక్కసారి పక్కకు విసురుకుంటే బండి బరువు మారి అదుపు తప్పవచ్చును. స్కూటరు ముందు నిలబడిన బిడ్డ హ్యాండిల్ పట్టుకొని లాగడం, యాక్సిలరేటరును తిప్పడం కూడా జరగవచ్చును. ఏడ్చి అలసిన బిడ్డ కూర్చున్న చోటనే నిద్రపోయి జారిపోవడం మరొక ముప్పు. కనుక ద్విచక్ర వాహనం మీద బిడ్డ ఏడుపు మొదలుపెట్టినా, తూగుతున్నా "ఇంకెంత, ఇల్లు వచ్చేసింది" అనుకోకుండా ఎడమ వైపుకు తీసి ఆపాలి. ఒక చేతితో బిడ్డను పట్టుకొని మరొక చేతితో బండి నడపరాదు. వెనుక కూర్చున్న వారి చీర కొంగు, చున్నీ, బిడ్డ దుప్పటి చక్రంలో పడకుండా చూసుకోవాలి. చిన్నపిల్లలతో దూర ప్రయాణానికి బస్సు లేదా రైలు మేలు.

భారతదేశంలో చట్టం

- మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ద్వారా వచ్చిన సెక్షన్ 194బి ప్రకారం, 14 ఏళ్ళలోపు పిల్లలను సీటు బెల్టుతో గాని పిల్లల సీటుతో గాని కట్టకుండా వాహనం నడిపితే వెయ్యి రూపాయల జరిమానా ఉంటుంది. ఇది 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చింది.
- సెక్షన్ 129 ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతివారూ ద్విచక్ర వాహనంపై హెల్మెట్ ధరించాలి.
- తొమ్మిది నెలల నుండి నాలుగేళ్ళ వయసు గల పిల్లలను ద్విచక్ర వాహనంపై తీసుకువెళ్ళేటపుడు, బిడ్డను నడిపేవారికి కలిపి కట్టే రక్షణ పట్టీ, బిడ్డకు హెల్మెట్ ఉండాలి. వేగం గంటకు 40 కి.మీ. మించరాదు. 2022 ఫిబ్రవరిలో ప్రకటించిన ఈ నియమం 2023 ఫిబ్రవరి 15 నుండి అమలులోకి వచ్చింది.
- సెక్షన్ 128 ప్రకారం ద్విచక్ర వాహనం మీద నడిపేవారు కాక మరొకరు మాత్రమే ప్రయాణించాలి.
- నడుపుతూ ఫోనును చేతిలో పట్టుకొని వాడడం సెక్షన్ 184 కింద ప్రమాదకర చోదనంగా పరిగణించబడుతుంది.

2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలలో కార్లకు పిల్లల రక్షణ విషయంలో వేరుగా నక్షత్రాల గుర్తింపు ఇస్తున్నారు. కారు కొనేవారు పెద్దల నక్షత్రాలతో పాటు వీటిని కూడా చూడడం మంచిది.

వైద్య సహాయం అవసరమైన సందర్భాలు

కొన్ని సందర్భాలలో ఏడుపు మారాం కాదు, వ్యాధి లక్షణం. మూడు నెలలలోపు శిశువుకు 38 సెల్సియస్ డిగ్రీలు (100.4 ఫారన్‌హీట్ డిగ్రీలు) లేదా అంతకు మించిన జ్వరం, ఆగని వాంతులు, పెదవులు నీలం కావడం, ఊపిరి తీయడానికి కష్టపడడం, పిలిచినా పలకని మగత వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

గొంతులో ఏదైనా అడ్డుపడి, దగ్గు గాని శబ్దం గాని రాకపోతే, ఏడాదిలోపు శిశువును తల కిందకు ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, భుజాల మధ్య వీపుపై ఐదుసార్లు చరచాలి. ఫలితం లేకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఐదుసార్లు నొక్కాలి. అడ్డు తొలగేవరకు లేదా సహాయం అందేవరకు ఈ రెండింటినీ మార్చి మార్చి చేయాలి. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో అంబులెన్సు కొరకు 108, దేశమంతటా అత్యవసర సహాయానికి 112, జాతీయ రహదారులపై సహాయానికి 1033 నంబర్లకు ఫోన్ చేయవచ్చు. ఈ ఫోన్ కూడా వాహనాన్ని ఆపిన తరువాతనే చేయాలి.

ఇవి కూడా చూడండి

- రోడ్డు భద్రత
- సీటు బెల్టు
- హెల్మెట్
- ప్రథమ చికిత్స
- జోలపాటలు